ఎండా నీడా ఒకే పటంలో

మండువా లోగిలిని ఫోటో తీయడానికి ఎప్పుడైనా ప్రయత్నించారా? గోదావరి జిల్లాలలోనో కృష్ణా తీరంలోనో మీ తాతగారి నాటి అటువంటి ఇల్లు ఒకటి ఇంకా నిలబడి వుంటే మాత్రం, ఆ ప్రయత్నం ఈ ఏడే చేయండి. ఆ ఇళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. అన్నదమ్ముల వాటాలు తేలగానే పెంకులు దిగుతాయి, దూలాలు బండి ఎక్కుతాయి, ఆ స్థలంలో మేడ లేస్తుంది. ఆ తరువాత ఆ ఇంటిని గురించి మనుమలకు కంటితో చూసి తెలుసుకునేందుకు మిగిలేవి, ఎవరో ఒకరు తీసి దాచిన నాలుగు ఫోటోలే. ఆ నాలుగూ సరిగా వుండాలి గదా!

సరిగా రావడంలోనే వున్నది చిక్కంతా. ఇంటి నడిమధ్య ఆకాశానికి తెరిచివున్న మండువా. అందులో మధ్యాహ్నపు ఎండ నిలువునా దిగుతూ వుంటుంది. దాని నాలుగు వైపులా వసారాలు, వసారాల వెనుక గదులు. గదులలో పట్టపగలే చీకటి. వసారాలో ఒక మూల నిలబడి కెమేరా గురిపెట్టారనుకోండి. మండువాకు సరిపెట్టి తీస్తే అక్కడి ఎండా, గంగాళం, ఆరబోసిన వడియాలూ చక్కగా వస్తాయి. చుట్టూ వసారాలు మసిగుడ్డలాగా నల్లబడిపోతాయి. వసారాకు సరిపెట్టి తీస్తే స్తంభాలూ, పడక కుర్చీ, గోడమీది పటాలూ కనిపిస్తాయి; మండువా మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబారి మాయమవుతుంది. “ఇల్లు తీయమంటే సగం ఇల్లే తీశావేమిరా అబ్బాయీ!” అని మామ్మగారు ఆశ్చర్యపడితే ఆమె తప్పేమీ లేదు.

మరి మామ్మగారి కళ్ళకు ఇల్లంతా ఎలా కనిపిస్తున్నది? నిజానికి కన్ను కూడా అంతా ఒక్కసారి చూడదు. ఎండవైపు తిరిగినప్పుడు కంటిపాప ముడుచుకుంటుంది, నీడవైపు తిరిగినప్పుడు విచ్చుకుంటుంది. కంటి వెనుక వున్న పొర కూడా వెలుగును బట్టి తన్ను తాను సవరించుకుంటుంది. ఇలా ముక్కలు ముక్కలుగా చూసినదాన్ని మెదడు ఒక్క ఇల్లుగా కుట్టి మనముందు పెడుతుంది. కెమేరాకు ఉన్నది ఒకే ఒక్క చూపు.

ఈ తేడాను లెక్కలో చెప్పుకుందాం. ఫోటోలు తీసేవారు వెలుగును మెట్లతో కొలుస్తారు. ఒక్కో మెట్టు ఎక్కితే వెలుగు రెట్టింపవుతుంది. 8 మెట్లకు 256 రెట్లు, 12 మెట్లకు 4096 రెట్లు. ఎండలో వున్న తెల్లగోడకూ, గది మూలనున్న ఇనప్పెట్టెకూ నడుమ 12 మెట్ల తేడా వున్నా వింత లేదు. నేటి కెమేరాలలో మంచివి ఇంచుమించు అంతమేర పట్టుకోగలవు గాని, చిన్నవాటికి ఆ శక్తి లేదు. ఇక కాగితం సంగతి చూడండి. నిగనిగలాడే ఫోటో కాగితంమీద కూడా అతి తెల్లని చోటికీ అతి నల్లని చోటికీ తేడా రమారమి నూరు రెట్లు, మహా అయితే మరికాస్త. కాగుడు నీళ్ళను చెంబులో పట్టించాలన్నమాట!

కెమేరా చేత కూడా కన్నులాగానే రెండు మూడుసార్లు చూపించి, ఆ చూపులన్నీ ఒకటిగా కుడితే ఎలా వుంటుంది? ఈ ఊహకే నేడు హై డైనమిక్ రేంజ్ ఫోటోగ్రఫీ అని పేరు. పొట్టిగా హెచ్.డి.ఆర్. అంటారు. పేరు కొత్తదిగాని ఊహ చాలా పాతది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన 1856, 1857 సంవత్సరాలలో సముద్రాన్ని ఫోటోలు తీశాడు. ఆనాటి గాజు పలకలకు నీలి వెలుగంటే మహా ఆకలి. సముద్రం స్పష్టంగా వచ్చేవరకూ వుంచితే, ఆకాశం మాడిపోయి మేఘాలు కనబడకుండా పోయేవి. ఆయన ఆకాశానికి ఒక పలకా, సముద్రానికి ఒక పలకా వేరువేరుగా తీసి, రెండింటినీ ఒకే కాగితంమీద అచ్చువేశాడు. 1857లో సెత్ రేవు దగ్గర తీసిన ‘పెద్ద అల’ అనే చిత్రం అలా తయారైనదే. నీరూ నింగీ కలిసేచోట పరికించి చూస్తే అతుకు తెలుస్తుంది. అయినా ఆనాటివారు అటు మేఘాలనూ ఇటు అలలనూ ఒకే పటంలో చూసి నివ్వెరపోయారు.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో చార్లెస్ వైకాఫ్ అనే శాస్త్రజ్ఞుడికి అణుపరీక్షల పేలుళ్ళను చిత్రించే పని పడింది. కళ్ళు పోయేటంత వెలుగును ఏ మామూలు ఫిల్ము భరిస్తుంది? ఆయన ఒకే ఫిల్ముమీద వేర్వేరు వేగాలుగల మూడు పొరలు వేయించాడు. ఒక పొర మాడిపోయినచోట మరొకటి నిలిచి వివరాన్ని దక్కించేది. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అనే ఇద్దరు, వేర్వేరు వెలుగులలో తీసిన మామూలు ఫోటోలనుంచి ఆ చోట వెలుగుల నిజమైన నిష్పత్తిని కంప్యూటరు చేత లెక్కగట్టించే పద్ధతిని ప్రకటించారు. ఈ మాలిక్‌గారు మన కాన్పూరు ఐ.ఐ.టి.లో చదువుకున్నవారు. 2010లో ఐఫోనులోకి కూడా ఈ సౌకర్యం వచ్చింది. అణుబాంబు కోసం పడిన పాట్లు చివరికి వడియాల మండువాకు అక్కరకు వచ్చాయన్నమాట.

ఇక చేసే పద్ధతి. దీనికి ఖరీదైన కెమేరా అక్కరలేదు. వెలుగును మన చేతితో మార్చుకునే వీలున్న ఏ కెమేరా అయినా చాలు. కదలకుండా వుండటం మాత్రం ముఖ్యం. మూడుకాళ్ళ స్టాండు వుంటే మంచిదే. లేకపోతే పీటమీద చిన్న బియ్యపు మూట వేసి దానిమీద కెమేరాను కుదురుగా కూర్చోబెట్టండి. వేలితో నొక్కితే అదురుతుంది కనుక, రెండు సెకన్ల తరువాత దానంతట అదే తీసుకునే ఏర్పాటు పెట్టండి. ఎపర్చరూ, ఫోకసూ, రంగుల సవరింపూ ఒకసారి నిర్ణయించి ఇక ముట్టుకోవద్దు. ఐ.ఎస్.ఓ. 100 దగ్గర వుంచండి. మార్చవలసినది షట్టరు కాలం ఒక్కటే.

వసారాకు సరిపోయే కాలం సెకనులో 60వ వంతు అని కెమేరా చెప్పిందనుకుందాం. అది ఒక పటం. దానికి రెండు మెట్లు తక్కువగా, అంటే 250వ వంతుకు, ఒకటి. రెండు మెట్లు ఎక్కువగా, అంటే 15వ వంతుకు, మరొకటి. తోటలకూ వీధి అరుగులకూ ఈ మూడే చాలు. మండువాకు చాలవు. ఇటు 1000వ వంతుకు ఒకటి, అటు 4వ వంతుకు ఒకటి చేర్చి అయిదు చేయండి. చాలినదీ లేనిదీ ఎలా తెలుస్తుందంటారా? అన్నిటికన్న నల్లని పటంలో మండువా గచ్చుమీది పగుళ్ళు కనబడాలి. అన్నిటికన్న తెల్లని పటంలో గదిలోని ఇనప్పెట్టె కనబడాలి. ఈ రెండూ దొరికితే ఇల్లంతా మీ చేతిలో వున్నట్టే.

వీటిని కలపడానికి కంప్యూటరు కావాలి. లూమినెన్స్ హెచ్.డి.ఆర్. వంటి ఉచిత సాధనాలు వున్నాయి. డబ్బిచ్చి కొనేవి సరేసరి. ఇందులో రెండు దశలు వుంటాయని గుర్తుంచుకోండి. మొదటిది కలపడం: అది లెక్క, యంత్రం చేసుకుంటుంది. రెండవది ఆ కాగుడు నీళ్ళనూ చెంబులో పట్టించడం. దీన్ని టోన్ మ్యాపింగ్ అంటారు. ఇక్కడ యంత్రం మీచేతికి నాలుగు మీటలిచ్చి తప్పుకుంటుంది. ఏ వెలుగు ఎంత తగ్గాలో, ఏ నీడ ఎంత లేవాలో చెప్పవలసింది మీరే.

చేతిఫోనులో ఈ పని అంతా మనకు తెలియకుండానే జరిగిపోతుంది. మీట నొక్కిన క్షణంలో అది వరుసగా కొన్ని పటాలు తీసి, తనకు తోచినట్టు కలిపి ఇస్తుంది. పెళ్ళికీ పేరంటానికీ అది చాలు. గాని ఏ నీడ ఎంత వుండాలన్న నిర్ణయం దానిదే అవుతుంది, మీది కాదు. నేర్చుకోవాలని సరదా వున్నవారు కొన్నాళ్ళు చేతితో చేసి చూడటమే మేలు.

రెండు ప్రమాదాలు చెప్పాలి. కదిలేవి దయ్యాలవుతాయి. కొబ్బరి మట్టలు, దండెంమీది చీరలు, తిరిగే పంకా, పరుగెత్తే పిల్లలు అయిదు పటాలలో అయిదు చోట్ల వుంటారు గనుక, కలిపినప్పుడు పొగలాగా మిగులుతారు. పడక కుర్చీలో మామ్మగారిని కూర్చోబెట్టి అయిదు పటాలు తీస్తే ఆమెకు రెండు ముక్కులు వచ్చినా రావచ్చు. మనుషులను ఒకే పటంలో, సాయంకాలపు మెత్తని వెలుగులో తీయండి. రెండవది అంచుల సంగతి. మీటలు మరీ ముందుకు తోస్తే చూరు చుట్టూ, స్తంభాల చుట్టూ తెల్లని చాయ పుట్టుకొస్తుంది. దేవుళ్ళ పటాలలో శిరస్సు వెనుక వెలుగు వలయం అందంగా వుంటుంది గాని, స్తంభానికి అది శోభించదు. ఆ చాయ కనబడగానే మీటను వెనక్కు లాగండి.

అయితే ఈ రెండింటికన్న పెద్ద ప్రమాదం మరొకటి వున్నది. నీడలు లేపడం చేతనైన కొత్తలో ఎవరికైనా అన్నీ లేపెయ్యాలనిపిస్తుంది. మండువా ఎంత వెలుగో గదీ అంత వెలుగు. ఆకాశం ముదురు నీలం, పెంకులు సింధూరం, ఇత్తడి చెంబు బంగారం. చూసినవారు అబ్బో అంటారు. కాని ఆ ఇంట్లో పుట్టి పెరిగినవారు ఒక్కరు ఆ పటం చూస్తే, “ఇది ఎవరిల్లు?” అని అడుగుతారు.

ఎందుకంటే ఆ గదులలో చీకటి ఊరికే చేరింది కాదు. కట్టినవారు కావాలని వుంచుకున్నది. మందమైన గోడలు, చిన్న కిటికీలు, కిందికి వంగిన చూరు, ఇవన్నీ ఎండను బయట నిలబెట్టడానికి. రోహిణీ కార్తెలో వీధినుంచి వచ్చి ఆ గదిలో అడుగుపెడితే, మొదట కళ్ళకు చీకట్లు కమ్మేవి, మరుక్షణం ఒంటికి చల్లదనం తగిలేది. ఆ చీకటే ఆ చల్లదనం. పటంలో చీకటిని చెరిపేస్తే, చల్లదనాన్ని కూడా చెరిపేసినట్టే. మనుమలు ఆ పటం చూసి, గోడలు ఎందుకు అంత మందమో, కిటికీలు ఎందుకు అంత చిన్నవో ఎలా ఊహించుకుంటారు?

“చీకటే వుంచేట్లయితే ఇంత శ్రమ ఎందుకు, మామూలు ఫోటోయే చాలదా?” అని మీరు అడగవచ్చు. చాలదు. మామూలు ఫోటోలో చీకటి అంటే ఏమీ లేని నలుపు. ఇంట్లో చీకటి అలాంటిది కాదు. కాసేపు నిలబడితే అందులో ఇనప్పెట్టె కనబడుతుంది, వారగా మంచం కనబడుతుంది, ఉట్టి కనబడుతుంది. అలాంటి చీకటిని పటంలోకి తేవడానికే ఈ అయిదు పటాల శ్రమ. గదిలోని వస్తువులన్నీ విడిగా నమోదు కావాలనుకుంటే, గదిలోపల నిలబడి గదికి సరిపెట్టి వేరే ఫోటో తీయండి. ఇంటి పటంలో మాత్రం గదిని గదిలాగే వుండనివ్వండి.

దీనికొక తేలిక పరీక్ష వున్నది. పటాన్ని చేయిచాపు దూరంలో పెట్టి, కళ్ళు సగం మూసి చూడండి. మండువా అన్నిటికన్న వెలుగుగా, వసారా దానికి తక్కువగా, గది అన్నిటికన్న తక్కువగా కనబడాలి. ఈ వరుస నిలిచినంతకాలం మీరు మీటలు ఎంత తిప్పినా ఇల్లు ఇల్లుగానే వుంటుంది. వరుస తప్పిందా, అది మీ యంత్రం కట్టిన ఇల్లు. ఇంకా అనుమానంగా వుంటే, అక్కడ కాపురం చేసినవారికి చూపించండి. వారి మాటను మించిన పరీక్ష లేదు.

కాలం సంగతి కూడా ఒకటి చెప్పాలి. సంక్రాంతికి ఊరు వెళ్ళేవారు మధ్యాహ్నం తీసినా ఎండ ఏటవాలుగానే పడుతుంది. వెలుగు వసారాలోకి జారి తేడా కొంత తగ్గుతుంది. కొత్తవారికి అదే అనువు. మే నెల మొదట్లో సూర్యుడు కృష్ణా గోదావరి ప్రాంతాలలో ఇంచుమించు నడినెత్తిమీదికి వస్తాడు. అప్పుడు ఎండ మండువాలో నిలువు స్తంభంలాగా దిగుతుంది. చేయి తిరిగినవారికి ఆ పటమే పటం.

చివరగా, కలిపిన పటంతోపాటు విడి పటాలు అయిదూ దాచండి. రేపు మరింత మంచి సాధనాలు రావచ్చు, మీ పిల్లలు మళ్ళీ కలుపుకుంటారు. అచ్చువేయించిన ప్రతి వెనుక ఊరి పేరు, నెల, సంవత్సరం, ఏ గది ఎవరిది అన్న వివరం సిరాతో రాయండి. వెలుగూ నీడా ఎంత బాగా పట్టినా, ఆ తలుపు వెనుక ఎవరు నిద్రపోయేవారో ఏ కెమేరా చెప్పలేదు.