అబుదాబి ఉపగ్రహాలు శ్రీహరికోటకు ఎందుకు రావు?

అల్ ఐన్‌లో ఏ మేడ మీదైనా నిలబడి దక్షిణానికి తిరిగి, చూపును ఓ అరవై డిగ్రీల ఎత్తుకు లేపితే అబుదాబి సంస్థ యాహ్‌శాట్ పంపిన వై1ఏ ఉపగ్రహం అటువైపే ఉంటుంది. కంటికి ఆనదు. భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైన భూమితోపాటే తిరుగుతుంది కాబట్టి డిష్‌ను ఒకసారి బిగిస్తే మళ్లీ కదపనక్కర్లేదు.

దాన్ని 2011 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి పంపారు. వై1బీ మరుసటి ఏడాది బైకనూర్ నుంచి వెళ్లింది. 2018 జనవరిలో అల్ యాహ్ 3 మళ్లీ కౌరూ నుంచి, 2025 జనవరిలో తురాయా 4 ఫ్లోరిడా నుంచి ఎగిరాయి. మన శ్రీహరికోటకు ఈ బేరాల్లో ఒక్కటీ దక్కలేదు. కాకపోతే 2017 ఫిబ్రవరిలో పీఎస్‌ఎల్‌వీ ఇక్కణ్నుంచి ఒకేసారి మోసుకెళ్లిన 104 ఉపగ్రహాల్లో ఎమిరేట్స్ వారి నాయిఫ్-1 ఉంది. దాని బరువు కిలో పైచిలుకు.

రేటు తగ్గిస్తే వాళ్లే వస్తారని మన దగ్గర చాలామంది నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. ఉపగ్రహ యజమాని కొనేది ఆయుష్షు. రాకెట్ ఉపగ్రహాన్ని సాగిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలేస్తుంది. అక్కణ్నుంచి సొంత ఇంధనంతో పైకి చేరాలి. ఆ కక్ష్య భూమధ్యరేఖకు ఎంత వాలి ఉంటే అంత ఇంధనం దాన్ని సరిచేయడానికే ఖర్చు. ఆ వాలు చాలావరకు ప్రయోగ కేంద్రం అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. కౌరూ అయిదో అక్షాంశం మీద ఉంది, శ్రీహరికోట పధ్నాలుగుకు దగ్గర. అయినా జీఎస్‌ఎల్‌వీ ఉపగ్రహాలు దాదాపు ఇరవై డిగ్రీల వాలుతో బయల్దేరతాయి. కాలిపోయిన దశలు జనం లేని సముద్రంలో పడాలని రాకెట్‌ను ఆగ్నేయానికి తిప్పుతారు మరి.

అల్ యాహ్ 3 విషయంలో ఏరియన్-5 రాకెట్‌కు దిశ తప్పుగా ఇవ్వడంతో మూడు డిగ్రీలు ఉండాల్సిన వాలు ఇరవై దాటింది. ఉపగ్రహం సొంత ఇంజిన్లతో ఎలాగో గమ్యం చేరింది. కౌరూలో ప్రమాదం అనిపించుకున్న ఆ వాలు మనకు మామూలే. ఇంధనం ఖర్చును వేగంలో తేవాల్సిన మార్పుతో కొలిస్తే ఆ తేడా సెకనుకు సుమారు 185 మీటర్లు. ఉపగ్రహాన్ని ఉత్తర దక్షిణాలకు జారకుండా నిలపడానికి ఏటా పట్టేది 50 మీటర్ల దాకా. అంటే మూడేళ్లకు పైగా ఆయుష్షు.

ఫ్లోరిడా అక్షాంశం మనకన్నా అధ్వానం. అయినా ఫాల్కన్-9 తన బలంతో ఆ లోటు పూడుస్తోంది. కాబట్టి అసలు కొరత బలానిదే. మన పెద్ద రాకెట్ ఎల్‌వీఎం-3 ఆ కోడిగుడ్డు కక్ష్యకు మోసేది నాలుగు టన్నుల పైచిలుకు. 2025 నవంబర్‌లో పంపిన 4,410 కిలోల సీఎంఎస్-03 ఆ కక్ష్యకు వెళ్లిన వాటిలో మన గడ్డ మీది రికార్డు. 5,854 కిలోల జీశాట్-11 కౌరూ నుంచి, 4,700 కిలోల జీశాట్-ఎన్2 ఫ్లోరిడా నుంచి వెళ్లాయి. సొంత సరుకునే పక్క బండిలో పంపుకునేవాళ్ల దగ్గరికి అబుదాబి ఎందుకొస్తుంది? పైగా ఎల్‌వీఎం-3 ఒక్కసారీ విఫలం కాకపోయినా, 2014 డిసెంబర్ నుంచి 2025 డిసెంబర్ దాకా ఎగిరింది తొమ్మిదిసార్లే. తేదీ మీద భరోసా లేనిదే కొనుగోలుదారు సంతకం పెట్టడు.

అల్ ఐన్‌లోని యూఏఈ విశ్వవిద్యాలయం అంతరిక్ష కేంద్రంలో విద్యార్థులు ఉపగ్రహాల తయారీ నేర్చుకుంటున్నారు. రేపు ప్రయోగ ఒప్పందాలు చూసేది ఇలాంటివాళ్లే. శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో దాదాపు 3,985 కోట్ల రూపాయలు మంజూరయ్యాయి, సంతోషమే. కానీ ఎల్‌వీఎం-3ని అయిదు టన్నుల స్థాయికి చేర్చాల్సిన సెమీ క్రయోజెనిక్ ఇంజిన్‌కు ఆమోదం 2008 నాటిది. ముందు దాన్ని ఎగరేయాలి. అల్ యాహ్ 4, 5 ప్రయోగాలు 2027, 2028లకు అనుకున్నవి. ఆ రెండూ మన చేజారినట్టే.