చేని కావలి తుపాకికి ఎఱ్ఱచుక్క

పాలుపట్టిన మొక్కజొన్నచేనిలో అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగెనేని తెల్లవారుసరికి రైతునకు మిగులునది విఱిగిన చొప్ప మాత్రమే. కరీంనగరము, జగిత్యాల జిల్లాల రైతులకుగాని, ఆదిలాబాదు, ఆసిఫాబాదు జిల్లాలలో జొన్న, కంది, సోయా వేయువారికిగాని ఈ మాట క్రొత్తది కాదు. మంచెపై కూర్చుండి డబ్బాలు మ్రోగించిరి, చేనిచుట్టును పాత చీరలు కట్టిరి, టపాకాయలు కాల్చిరి. పందులు నాలుగు దినములు బెదరి అయిదవనాడు తిరిగి వచ్చుచున్నవి. విసిగిన కొందఱు గట్టువెంట తీగ బిగించి, దొంగచాటుగా దానికి విద్యుత్తు నెక్కించుచున్నారు. ఆ తీగ పందిని, పొరుగు రైతును, కాడియెద్దును, కవ్వాల అడవినుండి వచ్చిన పులిని వేఱుపఱుపజాలదు. ఇట్టి తీగలవలన మనుష్యులు మరణించిన వార్తలను మే మెన్నిమాఱులు చదివితిమో లెక్కలేదు.

తీగకంటె తుపాకి మేలని మేము చెప్పుటకు కారణ మొక్కటే: దాని వెనుక నొక మనుష్యుని కన్ను కలదు. అయినచో ఆ కన్ను ఏమి చూచుచున్నది, ఎంత స్పష్టముగా చూచుచున్నది అను ప్రశ్న చిన్నది కాదు. ఇటీవల తుపాకి కలవారు పలువురు రెడ్‌డాట్ సైట్ అను ఎఱ్ఱచుక్క గురియద్దమును గూర్చి విచారించుచున్నారు. ఏది కొనవలెను, ఏది కొనరాదు అను విషయమున అంగడివాని మాటతప్ప వేఱు ఆధారము లేక తికమకపడుచున్నారు.

ముందు చట్టము. 1959 నాటి ఆయుధముల చట్టము 13వ విభాగము ప్రకారము పంటరక్షణకు లభించునది గొట్టము మూతినుండి మందు కూరెడు తుపాకి. అది చాలదని అధికారి తృప్తిపడినచో మఱియొక నున్నని గొట్టపు తుపాకికి అనుమతి నీయవచ్చును. కేవలము తుపాకి లైసెన్సు ఉన్నంతమాత్రమున పందిని కాల్చుటకు హక్కు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 11వ విభాగము క్రింద, నిలిచియున్న పంటకు హాని చేయుచున్నదని కారణము వ్రాసి, అధికారి ఉత్తరువు నీయవలెను. 2022లో కేరళ ప్రభుత్వము ఈ యధికారమును గ్రామ, పట్టణ స్థానిక సంస్థల పెద్దల చేతి కిచ్చినది.

ఇక అద్దము మాట. ఇది నిన్నటి వింత కాదు. డబ్లిను నగరమున దూరదర్శినులు నిర్మించు సర్ హోవర్డ్ గ్రబ్ 1900లో ఈ సూత్రమునకు పేటెంటు పొందెను. పిదప విమానములలోని తుపాకులకు దీనిని వాడిరి. 1975లో స్వీడను దేశపు ఏయింపాయింట్ సంస్థ విద్యుద్దీపపు చుక్కతో వేటతుపాకులకు దీనిని విక్రయింప నారంభించెను. పలువురు పొరబడునట్లు ఎఱ్ఱని కాంతి యేదియు పందిమీద పడదు. లోపలి చిన్న దీపము అద్దముపై ప్రతిఫలించి కాల్చువాని కంటికి మాత్రమే చుక్కగా కనబడును. పాత తుపాకిలో వెనుక గంటును, గొట్టము కొనయందలి పూసను, జంతువును ఒక్క వరుసకు తేవలెను. ఇచట చుక్కను జంతువుపై నుంచిన చాలును. రెండు కన్నులును తెఱచియుండవచ్చును గనుక ప్రక్కనుండి వచ్చు మనిషి కూడ కనబడును. ముప్పది, నలువది గజముల దూరమున, మసకవెలుతురులో దూరదర్శిని గురికంటె ఇదియే మేలని మా యభిప్రాయము. వస్తువును పెద్దది చేసి చూపు దూరదర్శిని, దగ్గఱనున్న మందలో పందిచర్మమునే కంటినిండ చూపును.

చుక్క పరిమాణమును మినిట్లలో చెప్పుదురు. ఒక మినిటు చుక్క నూఱు గజములవద్ద సుమా రొక అంగుళమును కప్పును. రైఫిలునకు రెండు మినిట్లది చాలును. నున్నని గొట్టమునకు నాలుగు, ఆఱు మినిట్లది కంటికి త్వరగా దొరకును. నలువది గజములవద్ద ఆఱు మినిట్ల చుక్క కప్పునది సుమారు రెండున్నర అంగుళములే. కాంతిని తగ్గించు మెట్లు ఎన్ని యున్నవో తప్పక చూడవలెను. చీకటిలో చుక్క మిక్కిలి ప్రకాశించినచో జంతువునే మఱుగుపఱచును. వానకాలమున మంచెపై కూర్చుండువాడు తెఱపి చట్రపు అద్దము కొనుట డబ్బు దండుగ. నీటిబొట్టో మట్టియో లోని దీపముపై పడెనా చుక్క చెదరును. రెండువైపుల మూసిన గొట్టపు అద్దమే తగినది. నడివయసు దాటినవారికి చుక్క తోకచుక్కవలె కనబడినచో అద్దమును నిందింపక ముందు దానిగుండ ఫోనుతో నొక ఛాయాచిత్రము తీయవలెను. అందు గుండ్రముగా నున్నచో దోషము కంటిది.

అద్దము గొట్టమునకు రెండంగుళములు పైన నుండును గనుక మిక్కిలి సమీపమున తూటా చుక్కకంటె అంతమేర దిగువను తగులును. ఇది తెలియక తప్పిన గురులు పెక్కు. ఎన్నికల వేళ ఠాణాలో అప్పగించి తిరిగి తెచ్చుకొన్న తుపాకిని గురి సరిచూడక చేనికి తీసికొనిపోవుట మఱియొక తప్పు. (పంట చేతికివచ్చు మాసముననే ఎన్నిక వచ్చుట రైతు ప్రారబ్ధము.)

అయినను మాకు భయము వేఱొకచోట నున్నది. చుక్క తూటా యెచటికి పోవునో చెప్పును; అచట నున్నది పందియో, కంబళి కప్పుకొని వంగి నీరు మళ్ళించుచున్న పాలేరో చెప్పదు. గురి సులభమైనకొలది వ్రేలు తొందరపడును. కదలు చొప్పను చూచి కాల్చువానికి వేయి రూపాయల అద్దమైనను లక్ష రూపాయల అద్దమైనను ఒక్కటే. కావున అద్దముకంటె ముందు మంచి టార్చిలైటు కొనవలెను. నేలమీదనుండి అడ్డముగా కాల్చరాదు. మంచెపైనుండి క్రిందికి కాల్చిన తూటా నేలలో దిగును. రైఫిలు తూటా గుఱి తప్పెనేని ప్రక్క ఊరివఱకు పోగలదు.

పందులను కాల్చుటకు ఉత్తరువు లిచ్చు అధికారులు కాల్చువాని లైసెన్సు కాగితము చూచి ఊరకుండుట మాకు సమ్మతము కాదు. ఆ తుపాకితో, ఆ యద్దముతో, సంధ్యవేళ నలువది గజములవద్ద వాడు అయిదు తూటాలు కాల్చి చూపవలెను. కాల్పు జరుగు రాత్రి ఏ చేనిలో ఎవరు కావలియున్నారో ముందుదినమే గ్రామమున చాటింపవలెను. పంటనష్టపు పరిహారము పంటకాలము ముగియకమునుపే చేతికందినచో తుపాకి పట్టవలసినవారి సంఖ్యయు తగ్గును, తీగ బిగించువారి సంఖ్యయు తగ్గును.