గొర్రెల పథకం కోసం ఎదురుచూడాలా? జహీరాబాద్ రైతు ఐదు గొర్రెలతో మొదలుపెట్టే దారి

జహీరాబాద్ చుట్టుపక్కల మీకు ఎకరమో రెండెకరాలో మెట్ట భూమి ఉండి, గొర్రెల పంపిణీ మళ్లీ మొదలవుతుందేమోనని చూస్తున్నారా? ఇచ్చినప్పుడు తీసుకోవచ్చు. కానీ జీవాలు నిలబడేది సబ్సిడీతో కాదు, మేతతో. ముందు మీ ఇంటి దగ్గర ఎన్ని గొర్రెలకు మేత ఉందో లెక్క వేయండి. చాలామందికి ఆ లెక్క ఐదు దగ్గరే ఆగుతుంది. ఐదుతో మొదలుపెట్టడం తక్కువేమీ కాదు.

పథకం నేర్పిన పాఠం

2017 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం గొర్రెల పంపిణీ మొదలుపెట్టింది. ఒక యూనిట్‌కు 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. యూనిట్ ధర 1.25 లక్షల రూపాయలు, అందులో 75 శాతం సబ్సిడీ, లబ్ధిదారు వాటా 31,250. తర్వాత ధరను 1.75 లక్షలకు, వాటాను 43,750కి పెంచారు. గొర్రెల పెంపకందారుల సంఘాల సభ్యులైన గొల్ల కురుమలకే ఇది వర్తించింది. మిగతా చిన్న రైతులకు అప్పుడూ దారి లేదు.

2019 పశుగణనలో తెలంగాణ సుమారు 1.90 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అయితే 2024లో బయటికొచ్చిన కాగ్ నివేదిక మరో సంగతి చెప్పింది. గొర్రెలను తరలించినట్టు చూపిన వాహనాల నంబర్లలో బైకులవీ, కార్లవీ, అంబులెన్సులవీ ఉన్నాయి. ఒకే చెవి ట్యాగు నంబరు ఒకటికంటే ఎక్కువ జీవాలకు కనిపించింది. దీనిపై ఏసీబీ, ఈడీ కేసులు నడిచాయి.

అక్రమాల సంగతి అలా ఉంచితే, మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. పక్క రాష్ట్రాల నుంచి లారీలో వచ్చిన గొర్రె అలసిపోతుంది. నీరు, మేత, వాతావరణం మారేసరికి రోగాలు తేలిగ్గా అంటుకుంటాయి. మేత చూసుకోని ఇంటికి ఒకేసారి 21 జీవాలు వస్తే అమ్ముకోవడమే మిగులుతుంది.

మేపు భూమి తగ్గుతోంది

న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం సుమారు 12,635 ఎకరాలు అనుకున్నారు. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ కూడా ఉంది. అక్కడ సేకరణలోకి పోయేది పంట భూమి ఒక్కటే కాదు, జీవాలు తిరిగే బీడు కూడా. చెరకు వేసిన చోట పొలం ఏడాదంతా ఖాళీ అవదు. కాబట్టి బయట మేపే దొరుకుతుందని నమ్ముకుని మంద పెంచకండి.

మేత లెక్క ఇలా

25 నుంచి 30 కిలోల బరువున్న గొర్రెకు రోజుకు సుమారు ఒక కిలో ఎండు పదార్థం కావాలి. ఐదు గొర్రెలకు ఏడాదికి 18 క్వింటాళ్లు. సగం బయట మేసినా 9 క్వింటాళ్లు మీరు దాచాలి. జొన్న చొప్పను ముక్కలు చేసి, కంది పొట్టు, శనగ పొట్టు కలిపి పెట్టండి. పస్తాపూర్ చుట్టుపక్కల మహిళా సంఘాలు చేసే జొన్న, కంది, అనుముల కలగలుపు సాగులో ఈ మేత పంటతోపాటే వస్తుంది. గట్ల మీద అవిశ, సుబాబుల్ నాటితే వేసవిలో ఆదుకుంటాయి.

లేత జొన్న, వానలేక వాడిన జొన్న, కోసిన తర్వాత వచ్చే పిలకలు మేపకండి. వాటిలోని విషం నిమిషాల్లో ప్రాణం తీయవచ్చు.

కొనేటప్పుడు

దక్కని గొర్రె మన ఎండకూ, తక్కువ మేతకూ అలవాటుపడింది. సంతలో కాకుండా తెలిసిన మంద నుంచి, రెండు లేదా నాలుగు పళ్ల గొర్రెలను ఎంచుకోండి. పొదుగు, కళ్లు, గిట్టలు చూడండి. తెచ్చాక మూడు వారాలు ఇంట్లోని ఇతర జీవాలకు దూరంగా ఉంచండి. ఐదింటికి సొంత పొట్టేలు అక్కర్లేదు. పొరుగు రైతులతో కలిసి ఒకటి వాడుకోండి, కానీ దాని పిల్లలు ఎదకు రాకముందే దాన్ని మార్చండి. ఒక్కో గొర్రెకు 10 నుంచి 12 చదరపు అడుగుల చోటు, పైన కప్పు, పొడి నేల చాలు.

రోగాలు, టీకాలు

వానలకు ముందే మే నెలలో చిటుక రోగం టీకా వేయించండి. మూడు నెలలు దాటిన పిల్లలకు పారుడు రోగం (పీపీఆర్) టీకా వేయించాలి, ఇది సుమారు మూడేళ్లు కాపాడుతుంది. వానాకాలానికి ముందు, తర్వాత నట్టల మందు తాగించండి. చూడి కట్టిన తొలి నెలలో అల్బెండజోల్ వద్దు. ఈనిన గంటలోపే పిల్లకు జున్నుపాలు పట్టించండి. జీవం డీలా పడితే ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు వెళ్లండి లేదా 1962కు ఫోన్ చేయండి.

డబ్బు లెక్క

గొర్రె సుమారు ఐదు నెలలు మోసి ఈనుతుంది. ఐదు గొర్రెలకు ఏడాదికి నాలుగు పిల్లలు నిలుస్తాయనే లెక్క వేసుకోండి. మగపిల్లలను అమ్మి, ఆడపిల్లలను ఉంచుకోండి. బక్రీద్‌కు ఎదిగిన పొట్టేళ్లకు గిరాకీ ఉంటుంది. పండుగ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి తేదీ చూసుకుని పెంచండి. కంటి అంచనాకు ఇవ్వకుండా తూకం వేసి అమ్మండి. ఎరువు మీ పొలానికే పోతుంది, దాన్ని కూడా ఆదాయంలో కలపండి.

జాతీయ లైవ్‌స్టాక్ మిషన్‌లో 50 శాతం సబ్సిడీ ఉంది కానీ అది కనీసం 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల ఫారాలకు. చిన్న రైతుకు పనికొచ్చేవి రెండు: కిసాన్ క్రెడిట్ కార్డు ఇప్పుడు పశుపోషణకూ ఇస్తారు, జీవాల బీమాలో రైతు వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. మీ బ్యాంకులో, పశువైద్యశాలలో ఈ రెండూ అడగండి.

ఒక వేసవి దాటాక చూసుకోండి. మేత మిగిలితే ఆడపిల్లలను ఉంచి మంద పెంచండి. చాలకపోతే ఐదు దగ్గరే ఆగండి. పథకం వచ్చిన రోజున కూడా ఎన్ని జీవాలు తీసుకోవాలో మీకు చెప్పేది ఆ లెక్కే.