ఏ లిపిలో రాసినా కథ తెలుగుదే

ఉగాది దగ్గరపడే కొద్దీ మన కుటుంబం వాట్సాప్ గ్రూపులోకి కథల పోటీల ప్రకటనలు వరసగా వచ్చి పడతాయి. ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తారు, ఇంకొకరు చప్పట్ల బొమ్మ పెడతారు, మూడో రోజుకి పాలు, పెండ్లి ఫోటోల మధ్యలో అది పైకి జరిగిపోతుంది. కథ పంపేవాళ్ళు మాత్రం ఉండరు. మనలో కథ చెప్పేవాళ్ళు లేక కాదు. పెండ్లిండ్లలో, తిథుల్లో రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే తెల్లారేదాకా చెప్పగలిగినవాళ్ళు అరడజను మందికి తక్కువ లేరు. అయినా ఒక్క కథ కూడా పోటీదాకా పోదు. ఎందుకు పోదు, పోవాలంటే మనమేం చెయ్యాలి, పోటీలు పెట్టేవాళ్ళను ఏం అడగాలి అన్నదాని మీద నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. పోటీకోసం రాసేది కూడా ఒక రాతేనా అని పెద్దవాళ్ళు కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. తెలుగు కథ గురించి మాట్లాడేవాళ్ళు ఈరోజుకీ ఆ మాట చెప్పుకుంటారు. చంద్రలత గారి ‘రేగడి విత్తులు’ 1997లో తానా నవలల పోటీలో గెలిచింది. వలస పోయిన రైతుల కథ అది. మనలాంటి ఇండ్లవాళ్ళు చదవాల్సిన పుస్తకం. బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ 2017లో తానా బహుమతి అందుకుంది, 2019లో అదే నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి ‘కొండపొలం’ 2019లో గెలిచి, 2021లో సినిమా కూడా అయ్యింది. కరువులో గొర్రెలను నల్లమల అడివికి తోలుకుపోయే మనుషుల కథ. అందులో వాళ్ళు మాట్లాడేది సీమ మాటే. పావగడ, బాగేపల్లి, చింతామణి వైపు మన ఇండ్లలో మాట్లాడేదానికి దగ్గర మాట.

కన్నడంలో చదువుకున్నవాళ్ళకు దీన్ని ఎక్కువ వివరించక్కరలేదు. ప్రజావాణి దీపావళి కథాస్పర్ధె అంటే అక్కడ రాసేవాళ్ళకు ఎంత గౌరవమో చూస్తూనే పెరిగాం. పోటీ మూడు పనులు చేస్తుంది. ఒక గడువు పెడుతుంది. ఇన్ని పదాలు దాటొద్దు అని ఒక హద్దు పెడుతుంది. మన పేరు, ఊరు, కులం తెలియని ఒక మనిషి మన కాగితం మొదటినుంచి చివరిదాకా చదివేటట్టు చేస్తుంది. హైదరాబాదులోనో విజయవాడలోనో తెలిసిన సంపాదకుడు ఒక్కడు కూడా లేని మనకు ఈ మూడోది చాలా పెద్ద సంగతి.

ఆన్‌లైన్ వచ్చాక దూరం కూడా పోయింది. ఇందులో మనం గమనించాల్సింది ఒకటుంది. 1998 నుంచి నడుస్తున్న ‘ఈమాట’ అమెరికాలో ఉండే తెలుగువాళ్ళు మొదలుపెట్టింది. తానా అక్కడివాళ్ళ సంఘమే. పన్నెండు భాషల్లో కథలు ప్రచురించుకునే వీలిచ్చే ‘ప్రతిలిపి’ 2014లో మొదలయ్యింది, దాని ఆఫీసు మన బెంగుళూరులోనే. అంటే తెలుగులో కొత్తగా రాసేవాళ్ళకు వేసిన ఈ దారుల్లో కొన్ని బయటినుంచే పడ్డాయి. బయట ఉన్నాం కాబట్టి మనకేం హక్కు అనుకోవాల్సిన పనిలేదు.

మరి మన కథ ఎక్కడ ఆగిపోతోంది? నా లెక్కలో మూడు చోట్ల.

మొదటిది లిపి. దాదాపు ప్రతి పోటీ ప్రకటనలోనూ ‘తెలుగు యూనికోడ్‌లో టైపు చేసి పంపాలి’ అని ఉంటుంది. న్యాయమైన షరతే. కానీ మన ఇండ్లలో నలభై దాటినవాళ్ళలో ఎక్కువమంది తెలుగు మాట్లాడతారు, కన్నడం రాస్తారు. బడిలో నేర్పింది అదే. మా మేనత్త ఒకామె పాత లెడ్జరు పుస్తకంలో ముప్ఫై పేజీలు రాసి పెట్టింది. అక్షరాలు కన్నడం, మాట అంతా తెలుగు. వాళ్ళ నాయన రాగులు బండికెత్తి సంతకు పోయిన కథలు, ఎనుము తప్పిపోయిన కథ, ప్లేగు వచ్చి ఊరు ఖాళీ చేసిన కథ. దీన్ని ఏ పోటీకి పంపాలి? కన్నడ పోటీకి పంపితే భాష కన్నడం కాదు. తెలుగు పోటీకి పంపితే లిపి తెలుగు కాదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కాబట్టి ఇక్కడ నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తాను. యూనికోడ్ పట్టికలో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. దాని పక్కనే కన్నడకు 128 గళ్ళు. రెండింటి అమరికా ఒకటే. తెలుగు ‘అ’ తన వరసలో ఏ గడిలో ఉందో, కన్నడ ‘అ’ కూడా తన వరసలో ఆ గడిలోనే ఉంటుంది. కాబట్టి కన్నడ అక్షరం సంఖ్యలోంచి 128 తీసేస్తే చాలావరకు తెలుగు అక్షరం వచ్చేస్తుంది. ఈ పని చేసిపెట్టే ‘అక్షరముఖ’ లాంటి పరికరాలు ఉచితంగానే దొరుకుతున్నాయి. ఫోనులో కన్నడ కీబోర్డుతో టైపు చేసిన పది పేజీల కథ ఒక్క క్షణంలో తెలుగు లిపిలోకి మారుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు కూర్చుని వరస వరసా సరిచూస్తే చాలు. అయినా లిపి పేరు చెప్పి ఒక తరం కథలను వాకిట్లోనే ఆపేస్తున్నాం.

అన్ని రాష్ట్రాల వాళ్ళకూ ఇంత సులువు కాదు, అదీ చెప్పాలి. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం కాబట్టి ‘కంప’ రాశారో ‘గంప’ రాశారో యంత్రానికి తెలియదు. ఒడియాలో రాసినా, మరాఠీవాళ్ళు వాడే దేవనాగరిలో రాసినా ఎ, ఏల తేడా పోతుంది. ‘మెడ’, ‘మేడ’ ఒకటైపోతాయి. అక్కడి మనవాళ్ళకు పక్కన కూర్చుని చదివి వినిపించుకుని, తెలుగులో ఎక్కించే మనిషి కావాలి. యానాంవాళ్ళకు ఈ బాధ లేదు, వాళ్ళకు బడిలోనే తెలుగు ఉంది.

లిపి నేర్చుకుంటే పోలా అని అడుగుతారు. పిల్లలకు తప్పకుండా నేర్పాలి, అందులో నాకు రెండో మాట లేదు. కన్నడం వచ్చినవాళ్ళకు తెలుగు అక్షరాలు నెలరోజుల పని. కానీ డెబ్బై ఏళ్ళ మనిషిని ముందు లిపి నేర్చుకో, తర్వాత నీ కథ వింటాం అంటే, నష్టం ఆమెకు కాదు, మనకు. కి. రాజనారాయణన్ గారి సంగతి చూడండి. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి. తెలుగునుంచి తమిళదేశానికి వలసపోయినవాళ్ళ కథను ఆయన తమిళంలో రాశారు. 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ ఆ ఊరి కథే. తమిళ సాహిత్యానికి అది గొప్ప లాభం, మనందరికీ సంతోషం. కానీ మనవాళ్ళ వలస గురించి అంత పెద్ద పుస్తకం మన మాటలో ముందు రాలేదు. చదువు ఏ లిపిలో ఉంటే కథ కూడా అటే పోతుంది.

రెండోది మాట. లిపి గండం గట్టెక్కినా ‘ప్రామాణిక భాషలో ఉండాలి’ అనే షరతు కొన్నిచోట్ల ఉంటుంది. మనం షాపు అనం, అంగడి అంటాం. గేదె అనం, ఎనుము అంటాం. మనసు బాగాలేకపోతే ‘బేజారయ్యింది’ అంటాం. వీటికి ఎర్రగీత పెట్టే న్యాయనిర్ణేత చెడ్డవాడని నేను అనను. ఆయనకు అది కన్నడం కలిసిన తప్పు తెలుగులా కనిపిస్తుంది. అంగడి, ఎనుము రెండూ పాత తెలుగు మాటలేనని, అవి మన నోట్లో మిగిలి ఉన్నాయని ఎవరో ఒకరు చెప్పాలి. స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ పులికాటు సరస్సు ఒడ్డున మాట్లాడే తెలుగులోనే వచ్చాయి. నామిని గారి ‘పచ్చనాకు సాక్షిగా’ చిత్తూరు జిల్లా మాటలో వచ్చింది. చదివినవాళ్ళెవరూ అర్థం కాలేదని పుస్తకం మూసెయ్యలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కథల పోటీలన్నీ ‘ఇది నా సొంత రచన, అనువాదం కాదు’ అని హామీపత్రం అడుగుతాయి. రెండు భాషల మనిషి తన కథను ముందు కన్నడంలో చిత్తు రాసుకుని, తర్వాత తనే తెలుగులో రాస్తే అది అనువాదమా? నా దృష్టిలో కాదు. కానీ ఆ వాక్యం చూసి వెనక్కి తగ్గినవాళ్ళు నాకు తెలుసు. నిర్వాహకులు ఒక్క వాక్యం చేరిస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

మూడోది మౌనం. ఇది అందరికీ ఉన్న కష్టమే, మనకు ఇంకా ఎక్కువ. పంపిన కథ రాలేదంటే రాలేదు, అంతే. ఫలితాల జాబితాలో పేరు లేకపోతే ఎందుకు లేదో ఎవ్వరూ చెప్పరు. మా పనిలో ‘ఫెయిల్’ అని ఒక్క ముక్క రాసి పంపిస్తే దాన్ని బగ్ రిపోర్ట్ అనరు. ఏ అడుగులో, ఏం చేస్తే, ఏం రావాల్సింది, ఏం వచ్చింది అన్నీ రాస్తేనే ఎదుటి మనిషి దాన్ని సరిచెయ్యగలడు. కథకూ అంతే. ‘రెండో పేజీలో మీ తాత ఎవరో, చిన్నాయన ఎవరో కలిసిపోయింది’, ‘సంతలో బేరం దగ్గర నవ్వొచ్చింది, తర్వాత వచ్చిన నీతి అక్కరలేదు’ అని రెండు వాక్యాలు వస్తే ఆ మనిషి ఇంకోసారి రాస్తుంది. వందల కథలు వచ్చే పోటీలో అందరికీ జవాబు రాయడం కష్టమని నాకు తెలుసు. కానీ చివరి వడపోతదాకా వచ్చిన ఇరవై, ముప్ఫై కథలకైనా రాయొచ్చు కదా.

ఇక లైకులు, నక్షత్రాలు లెక్కపెట్టి బహుమతులిచ్చే పోటీలున్నాయి. వాటివల్ల చదివేవాళ్ళు వెంటనే దొరుకుతారు, ఆ మంచిని కాదనను. కానీ అక్కడ గెలిచేది ఎక్కువ బంధువులున్న మనిషి. మనకు బంధువులు తక్కువేం కాదు, అయినా అట్లా గెలిస్తే కథ గురించి తెలిసేది ఏమీ ఉండదు.

అచ్చు ఆశ చూపి డబ్బు అడిగేవాళ్ళ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మన గ్రూపులోకి అవీ వస్తున్నాయి. ప్రవేశ రుసుము కట్టు, సంకలనంలో వేస్తాం, పది కాపీలు నువ్వే కొను అంటే అది పోటీ కాదు, వ్యాపారం. ఐఎస్‌బీఎన్ నంబరు ఇప్పిస్తాం అని దానికి రేటు చెప్తే నమ్మొద్దు. మనదేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆ నంబర్లు ఉచితంగానే ఇస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాసిన మనిషి జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు హక్కు రాసినవాళ్ళది, వాళ్ళ వారసులది. ఆ హక్కు ఇంకొకరికి పోవాలంటే రాతపూర్వకంగా, సంతకంతో పోవాలి. షరతుల్లో ‘సర్వహక్కులూ నిర్వాహకులవే’ అని ఉంటే, అవ్వ చెప్పిన కథ మీద హక్కును వదులుకోమని అడుగుతున్నారని అర్థం. సంతకం పెట్టకముందే చూసుకోండి.

ఇంతకీ ఏం చెయ్యాలి? అమెరికాలో 1999లో 21 మంది స్నేహితులు కలిసి జూలై నెలలో ఒక్కొక్కరూ 50,000 పదాల నవల రాయాలని పెట్టుకున్నారు. దాని పేరు నానోరైమో. న్యాయనిర్ణేతలు లేరు, ఎవరిది గొప్పదన్న పోలిక లేదు. గడువు, తోడు, అంతే. అది లోకమంతా పాకి, ఎంతోమంది చేత రాయించింది. 2025లో ఆ సంస్థ మూతపడుతున్నట్టు ప్రకటించారు. సంస్థ పోయినా ఆ పద్ధతి ఎవరి సొత్తూ కాదు. తోడు ఉంటే మనిషి రాస్తాడని అది చూపించింది.

మనం కూడా అట్లాంటిదే చిన్నగా చెయ్యొచ్చు. దసరా నుంచి సంక్రాంతి దాకా గడువు పెట్టుకుందాం. పెద్దవాళ్ళు ఏ లిపి వస్తే ఆ లిపిలో రాయనీ, రాయలేనివాళ్ళు ఫోనులో చెప్పనీ. తెలుగు చదవడం వచ్చిన ఒకరు, రాని ఒకరు జతగా కూర్చుని తెలుగు లిపిలో ఎక్కించాలి. ఆ కథ ఇంటివాళ్ళు కాని ఇద్దరు చదివి, ఎక్కడ ఆగారో, ఎక్కడ నవ్వారో, ఏం అర్థం కాలేదో నాలుగు వాక్యాలు రాయాలి. ‘బాగుంది’ అన్న మాట ఒక్కటే రాస్తే లెక్కలోకి రాదు. మాట మార్చే హక్కు రాసిన మనిషికే. అంగడిని ఎవరూ షాపు చెయ్యకూడదు. సంక్రాంతికి తయారైతే ఉగాది పోటీకి పంపడానికి సమయం చాలినంత ఉంటుంది.

పోటీలు నడిపేవాళ్ళకు కూడా మన కుటుంబాల తరఫున ఒక ఉత్తరం రాద్దాం. అడగాల్సినవి నాలుగే. సోదర లిపుల్లో రాసిన తెలుగు కథను తీసుకోండి, మార్చి సరిచూసే పని మేమే చేసిపెడతాం. బయటి రాష్ట్రాల తెలుగును తప్పు అనకుండా ఒక యాసగా చూడండి. సొంత కథను రెండు భాషల్లో రాసుకోవడం అనువాదం కిందికి రాదని ఒక్క వాక్యం చేర్చండి. చివరి వడపోతలో ఆగిన కథలకు రెండు వాక్యాల జవాబు ఇవ్వండి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

బహుమతి రావడం, రాకపోవడం తర్వాతి సంగతి. మా మేనత్త లెడ్జరులో ఇప్పటికే రెండు పేజీలకు చెద పట్టింది. మీ ఇండ్లలో ఇట్లాంటి పుస్తకాలు ఎన్ని ఉన్నాయో ఈ ఆదివారం అటక ఎక్కి చూడండి. లిపి ఏదైనా సరే, ముందు ఫోటోలు తీసి పెట్టుకోండి.