అరువది నిండని కట్టడములు
ప్రాచీనత యనగా కోటలకును గోపురములకును మాత్రమే చెల్లునను భ్రమ మన నగరపాలకులను నేటికిని వీడలేదు. స్వాతంత్ర్యానంతరము మన శిల్పులు సిమెంటుతోను, కూలివారి చేతిచలువతోను నిలిపిన భవనములు వారి కంటికి వట్టి పాతబడిన గోడలుగనే తోచును. ఢిల్లీ ప్రగతి మైదానమున 1972లో, స్వాతంత్ర్య రజతోత్సవ సందర్భమున, రాజ్ రేవాల్ రూపకల్పనమునను మహేంద్ర రాజ్ గణితనైపుణ్యమునను వెలసిన హాల్ ఆఫ్ నేషన్స్ కథయే ఇందుకు దృష్టాంతము: ఉక్కు దుర్లభమైన ఆ దినములలో, అన్యదేశీయులు ఉక్కు గొట్టములతో నల్లెడి త్రికోణజాలమును మనవారు కాంక్రీటుతో, అధికభాగము చేతిపనితోనే పోతపోసి, శిఖరము ఖండించిన పిరమిడ్డువలె, నడుమ నొక్క స్తంభమైనను లేకుండ, విశాలమైన ప్రదర్శనాంగణముపై నిలిపిరి. అట్టిదానిని 2017 ఏప్రిలు మాసమున రాత్రికి రాత్రి నేలమట్టము గావించిరి. అరువది యేండ్లు నిండని కట్టడమును వారసత్వముగా పరిగణింప వీలులేదని సంరక్షణ సంఘము అంతకుమున్నే చేతులు దులుపుకొనియుండెను. నలువదియైదవ యేట కూల్చి, అరువది నిండలేదనుట యెంత చక్కని న్యాయము! హైదరాబాదున ఠాగూరు శతజయంతి స్మారకముగా 1961లో ప్రారంభమైన రవీంద్రభారతికి, ఆ లెక్కనే చూచినను, షష్టిపూర్తి ఎన్నడో యైనది. తరతరముల నాటకములకును నృత్యములకును సాహిత్యసభలకును కొలువుకూటమైన ఆ భవనమును, దాని యీడు కట్టడములను, వయస్సును గాక గుణమును బట్టి పరిశీలించి, కూల్చివేత యుత్తరువులు పుట్టకమునుపే రక్షణ జాబితాలో చేర్పవలసినదిగా ప్రభుత్వమును కోరుచున్నాను.