సునామీ మోడలుకు పరీక్ష పెట్టేదెవరు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనే అనుకున్నాం. కానీ జ్ఞాపకాలు ప్రతి సంచికలోనూ ఉంటున్నాయి, పప్పులో నీళ్ళెక్కువన్న సంగతితో సహా. అందుకని ఈసారి మా చదువులోంచే ఒక మాట చెప్పదలిచాం. ఈ హాస్టల్ నుంచి వెళ్ళి విశాఖలో ఎమ్మెస్సీ చదువుతున్న ముగ్గురం మేము. మా ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ పట్టా చూసినవాళ్ళం మేమే మొదలు.

పెదవేగికీ సునామీకీ ఏమిటి సంబంధం అని మీరు నవ్వవచ్చు. శాలంకాయనుల నాటి వేంగి దిబ్బల మీద కూర్చున్నవాళ్ళకు సముద్రం భయమేమిటి? నిజమే, ఇక్కడికి సునామీ రాదు. కానీ మన హాస్టల్లో ట్రంకు పెట్టెలన్నీ పెదవేగివి కావు కదా! మొగల్తూరు, నరసాపురం వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళున్నారు. మొన్న మేము వచ్చినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, మా ఊరు ఎంతవరకు మునుగుతుందో కంప్యూటర్ ముందే చెప్పేస్తుందంట, నిజమేనా? నమ్మొచ్చా?" ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాం. ఇది ఆ జవాబు.

2004 డిసెంబర్ 26 నాటికి మాకు ఊహ తెలియదు. పెద్దలు చెప్పగా విన్నదే. ఆ రోజు ఆదివారం, పౌర్ణమి. సుమత్రా దగ్గర ఉదయం ఆరున్నరకు సముద్రం అడుగున భూకంపం వస్తే, మన తీరానికి అల తొమ్మిది గంటల ప్రాంతంలో చేరింది. మధ్యలో రెండున్నర గంటలు! ఆ రెండున్నర గంటల్లో ఒక్క మాట చెప్పే ఏర్పాటు అప్పట్లో లేదు. మంగినపూడి బీచిలో పౌర్ణమి స్నానాలకు దిగినవారు కొట్టుకుపోయారు. మన రాష్ట్రంలో ప్రభుత్వ లెక్క ప్రకారం 105 మంది పోయారు.

ఆ తర్వాత 2007 అక్టోబర్‌లో హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్‌లో హెచ్చరిక కేంద్రం మొదలైంది. అక్కడ వాడిన మోడల్ పేరు టునామీ ఎన్-2. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో పుట్టింది. భూకంపం వచ్చాక కూర్చుని లెక్క కట్టే తీరిక ఉండదు గనుక, ఎక్కడ ఎంత భూకంపం వస్తే అల ఎలా ఉంటుందో వేల లెక్కలు ముందే కట్టి దాచి ఉంచుతారు. భూకంపం రాగానే దగ్గరి లెక్క తీస్తారు. సముద్రం అడుగున పెట్టిన పీడన పరికరాలు అల నిజంగా పుట్టిందో లేదో చెబుతాయి. 2012 ఏప్రిల్ 11న 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినా నేల పక్కకు జరిగిందే తప్ప పైకి లేవలేదు. పెద్ద అల రాలేదు. తీవ్రత అంకె ఒక్కటే చూసి పరుగెత్తితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఇంత గొప్ప ఏర్పాటును అనుమానించడానికి మేమెవరం? అనుమానించడం లేదు. మనందరం పరీక్షలు రాసే పాసవుతాం కదా, మోడల్ ఏ పరీక్ష రాసిందో అడుగుతున్నాం, అంతే.

మోడళ్ళకు నిజంగానే పరీక్షలున్నాయి. కోస్టాస్ సినోలాకిస్ అనే ప్రొఫెసర్, ఆయన మిత్రులు కలిసి 2007లో అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా కోసం వాటిని ఒక పద్ధతిలో పెట్టారు. మొదటిది మన లెక్కల పేపరు లాంటిది. మోడల్లో పోసిన నీళ్ళు చివర లెక్క చూస్తే తగ్గకూడదు, పెరగకూడదు. కాగితం మీద సూత్రంతో వచ్చిన జవాబుకు సరిపోవాలి. తర్వాత ప్రాక్టికల్స్. 1993 జూలై 12న జపాన్‌లోని ఒకుషిరి దీవిలో మోనాయ్ అనే చిన్న లోయలో నీరు 31 మీటర్ల దాకా ఎగబాకింది. ఆ లోయను నాలుగు వందల వంతు సైజులో తొట్టిలో కట్టి, అల వదిలి కొలిచారు. మోడల్ ఆ కొలతలకు దగ్గరగా రావాలి. ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష, నిజంగా ముంచిన ఊళ్ళో గోడల మీది నీటి చారలు.

2004లో ఒక విచిత్రం జరిగింది. భూకంపం వచ్చిన రెండు గంటలకు జేసన్-1 అనే ఉపగ్రహం అనుకోకుండా హిందూ మహాసముద్రం మీదుగా పోతూ ఆ అలను కొలిచింది. నడిసముద్రంలో దాని ఎత్తు సుమారు 60 సెంటీమీటర్లు. రెండడుగులు! మోడళ్ళు ఆ రెండడుగులను బాగానే చూపించాయి. కాబట్టి నడిసముద్రం పేపర్లో మార్కులు బాగానే వచ్చాయి. కానీ మా తమ్ముడి ఇల్లు నడిసముద్రంలో లేదు. చివరి కిలోమీటరులో ఉంది. చిక్కంతా అక్కడే.

ఎందుకంటే చివరి కిలోమీటరులో నేల ఎత్తు తెలియాలి. ఉచితంగా దొరికే ఉపగ్రహ పటంలో మేము ప్రాజెక్టు కోసం తీరంలోని ఒక పల్లెను చూశాం. ఊరి పక్కన గుట్ట ఉన్నట్టు కనిపించింది. గోదావరి డెల్టాలో గుట్టా! వెళ్ళి చూస్తే సరుగుడు తోట. రాడార్ చెట్ల తలలను నేల అనుకుంది. ఆ పటాన్నే మోడల్‌కు ఇస్తే తోట వెనక ఇళ్ళు భద్రం అని చెబుతుంది. అలాంటి పటాల్లో తప్పు కొన్ని మీటర్ల దాకా ఉంటుంది. మన కొల్లేరు ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదడుగులు, అంటే మీటరున్నర. పటంలోని తప్పు మొత్తం ఐదో కాంటూరు కన్నా పెద్దదన్నమాట. విమానం నుంచి లేజర్‌తో కొలిస్తే ఈ తప్పు చాలా తగ్గుతుంది. ఏ ఊరి గీత ఏ పటంతో గీశారన్నది అందుకే అడగాలి.

ఇంకో సంగతి. నేల ఎంత గరుకుగా ఉందన్న దానికి మోడల్‌లో ఒక అంకె ఉంటుంది. తోటలు, ఇళ్ళు నీటిని ఎంత అడ్డుకుంటాయో అది చెబుతుంది. 2004 నాటి గుర్తులకు సరిపోయేదాకా ఆ అంకెను అటూ ఇటూ తిప్పి, ఆ తర్వాత "చూడండి, 2004కు సరిగ్గా సరిపోయింది" అంటే దాన్ని మన హాస్టల్ భాషలో ఏమంటారు? చీటీ పెట్టి రాయడం అంటారు! మోడల్ ముందు చూడని గుర్తుతో పోల్చాలి. అదీ పరీక్ష. అలాంటి గుర్తులు ప్రయోగశాలల్లో లేవు, మన ఊళ్ళల్లో ఉన్నాయి. కొత్త సున్నం వేసినప్పుడల్లా కొన్ని పోతున్నాయి.

గీత అంటే ఏమిటో కొల్లేరు వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1999లో జీవో 120తో ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయ్యింది. 2005-06లో చేపల చెరువుల గట్లు తెంచారు. సరస్సు బతకాలన్నది మా అభిప్రాయం కూడా. కానీ గీత సరిగ్గా ఎక్కడుందో తెలియక ఏళ్ళ తరబడి తగాదాలు పడ్డది మా నాన్నల్లాంటి చెరువు కాపలా కూలీలు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు నీళ్ళు ఏ గీతనూ అడగలేదు. రేపు సునామీ గీత కూడా మన ఊరి పటం మీద పడితే, దాని పక్కనే ఎంత అటూ ఇటూ కావచ్చో తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలని మేమంటాం.

తప్పులుంటాయని చెబితే జనం హెచ్చరికనే లెక్క చేయరు అని మా తరగతిలో ఒక మిత్రుడు వాదించాడు. మేము ఒప్పుకోలేదు. 2011 మార్చి 11న జపాన్‌లోని కమైషి పట్నంలో ఉనొసుమాయ్ బడులు పటం ప్రకారం ముంపు గీత అవతలే ఉన్నాయి. పటాన్ని గుడ్డిగా నమ్మొద్దని ఆ పిల్లలకు ముందే నేర్పారు. హైస్కూలు పిల్లలు చిన్న బడి పిల్లల చేతులు పట్టుకుని, చెప్పిన చోటు దగ్గర ఆగకుండా ఇంకా పైకి పరుగెత్తారు. మొదట ఆగిన చోటు మునిగింది. సుమారు 570 మంది పిల్లలు బతికారు. తప్పు సంగతి తెలిసినవాళ్ళే ఎక్కువ దూరం పరుగెత్తారు.

మన దగ్గరలోనే, ఒడిశాలో వెంకట్రాయిపూర్, నోలియాసాహి అనే రెండు మత్స్యకార పల్లెలు 2020లో యునెస్కో నుంచి సునామీకి సిద్ధమైన ఊళ్ళుగా గుర్తింపు పొందాయి. గంజాం తీరం మత్స్యకారుల్లో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళే. వాళ్ళకు సాధ్యమైంది పేరుపాలెం వైపు ఎందుకు కాదు?

అందుకని తీరం వైపు తమ్ముళ్ళకు ఒక పని చెబుతున్నాం. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు 2004లో నీళ్ళు ఎంతదాకా వచ్చాయో, ఎన్నిసార్లు వచ్చాయో పెద్దవాళ్ళను అడగండి. "ఇక్కడిదాకా వచ్చాయా?" అని మీరే చూపించొద్దు, వాళ్ళనే చూపించనివ్వండి. ఇద్దరిని విడివిడిగా అడగండి. గుడి మెట్టు, బడి గచ్చు లాంటి కదలని చోటు నుంచి టేపుతో కొలవండి. పేరు రాయొద్దు, చోటు రాయండి. దీనికోసం లైబ్రరీ బీరువాలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ఇప్పటికి నాలుగు పేజీలు నిండాయి. మూడో పేజీలో ఒకే గోడకు ఇద్దరు తాతలు రెండు ఎత్తులు చెప్పారు. రెండూ రాసుకున్నాం.