వంద నుంచి సున్నాకు

కొత్త మోటారు కారు ఏదైనా బజారులోకి వచ్చిందంటే దాన్ని గురించి మూడు ప్రశ్నలు పుడతాయి. ఎంత వేగంగా పోతుంది? చూడటానికి ఎలా వుంటుంది? ఎక్కడ, ఎంతకు దొరుకుతుంది? కొనగలవారు మూడో ప్రశ్నతో మొదలు పెడతారు. కొనలేనివారు మొదటి ప్రశ్న దగ్గరే తెల్లవార్లూ కూర్చుంటారు. మా చొప్పదండి కుర్రవాళ్ళు ఏ కోవలోని వారో వేరే చెప్పనక్కర లేదు గదా!

ప్రస్తుతం వాళ్ళ నోట నానుతున్న పేరు సైబర్‌స్టర్. ఎమ్.జి. కంపెనీ వారు 2025 జూలైలో మన దేశంలో అమ్మకానికి పెట్టిన స్పోర్ట్సు కారు ఇది. ఇద్దరే కూర్చోవచ్చు. పెట్రోలు చుక్క అక్కర లేదు, బ్యాటరీతో నడుస్తుంది. రెండు మోటార్లు, 510 గుర్రాల బలం. నిలబడ్డ చోటి నుంచి 3.2 సెకన్లలో గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని కంపెనీ వారి లెక్క. అంటే మనం ఒక తుమ్ము తుమ్మి ముక్కు తుడుచుకునే లోపల అన్నమాట.

బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో ఈ లెక్క తెలియని కుర్రవాడు లేడు. "మూడు సెకండ్లల్ల వందకు వోతదట సారూ!" అన్నాడొకడు, అప్పుడే తోలి వచ్చినట్టు. నేను నవ్వలేదు. చేతికందని వస్తువును గురించి ఇంత శ్రద్ధగా తెలుసుకోవడం కూడా ఒక చదువే. పెట్రోలు ఇంజను తగినంత వేగంగా తిరిగితే గాని పూర్తి బలం చూపదనీ, విద్యుత్తు మోటారు కదిలిన క్షణం నుంచే శక్తికొద్దీ లాగుతుందనీ, అందుకే దీనికి గేర్లు మార్చే పని లేదనీ నాకు విడమరచి చెప్పినవాడు పదో తరగతి తప్పిన పిల్లవాడు.

అయితే అభిమానులందరిదీ ఒకే మాట కాదు. ఆ పక్కనే మోటారు సైకిళ్ళు బాగుచేసే పెద్దమనిషి పెదవి విరిచాడు. "చప్పుడు లేంది బండెట్లయితది?" అని ఆయన ప్రశ్న. ఇది పాతకాలపు చాదస్తమని కొట్టివేయడానికి లేదు. ఎమ్.జి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో 1924లో పుట్టిన పేరు. ఇప్పుడు చైనా కంపెనీ చేతిలో వుంది. 1962 నుంచి 1980 దాకా తయారైన వారి ఎమ్.జి.బి. కారు బలం 95 గుర్రాలే. బరువు ఒక టన్నుకు లోపు. వేగం అందుకోవడానికి తాపీగా పన్నెండు సెకన్లు తీసుకునేది. అయినా లోకమంతా దాన్ని ప్రేమించింది. తేలికపాటి బండి మలుపులో చెప్పిన మాట వింటుంది. కొత్త కారు బరువు దాదాపు రెండు టన్నులు. బలం పెరిగింది, ఒళ్ళూ పెరిగింది. పాత అభిమానుల దిగులంతా అదే.

ఇక సోయగం సంగతి. తలుపులు పక్కకు కాక రెక్కల్లాగ పైకి లేస్తాయి. గుడ్డ కప్పు మీట నొక్కితే ముడుచుకుపోతుంది. వెనక దీపాలు బాణం గుర్తుల్లా వుంటాయి. వెనక వచ్చే లారీ డ్రైవరు దారి చూపుతున్నారనుకోకపోతే అదృష్టం. నలుగురూ చూడటానికి కారు చేయించుకోవడం మనకు కొత్త కాదు లెండి. హైదరాబాదు చౌమహల్లా పాలెస్‌లో 1912 నాటి నిజాం గారి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ వుంది. వెనక సింహాసనం లాంటి ఆసనం. ఊరేగింపులకే దాని బతుకంతా. ఇవన్నీ విన్న ఒక రైతు మాత్రం ఒకటే మాట అడిగాడు: "ఇద్దరే కూసుంటరా? మరి యూరియా బస్తా ఏడ వెడ్తరు?"

దొరకడం మాటకు వస్తే, 1960లలో ఫియట్ కారుకు పేరు రాయించుకున్నవారు ఏళ్ళ తరబడి ఎదురు చూసేవారు. డబ్బున్నా కారు లేని కాలమది. ఇప్పుడు కారు వుంది, డబ్బే తరువాయి. విడుదల నాటి ధర 74 లక్షల 99 వేలు. విద్యుత్తు బండి కనుక మన రాష్ట్రంలో రోడ్డు పన్ను కూడా లేదు. 2024 నవంబరులో ప్రకటించిన ఈ మినహాయింపు గడువు 2026 డిసెంబరు 31.

ఈ ధరను మా వూరి కొలతలోకి మార్చి చూశాను. 2025-26లో ఏ గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. అంటే ఒక కారుకు 3,100 క్వింటాళ్ళ పైచిలుకు వడ్లు. ఎకరానికి 25 క్వింటాళ్ళ చొప్పున 125 ఎకరాల పంట. ఆ వడ్లను మూడు వేళ్ళ మందాన సగం రోడ్డు మీద ఎండబోస్తే సుమారు మూడు కిలోమీటర్లు పరుచుకుంటాయి.

ఎండబోస్తే అన్నది మాటవరసకు కాదు సుమా! కోతల కాలంలో మా ప్రాంతపు రోడ్లమీద నిజంగా జరిగేదే అది. కల్లం చాలని రైతు తేమ తగ్గితే గాని వడ్లు కొనరని రోడ్డెక్కుతాడు. చీకటి పడగానే కుప్ప చేసి, నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా అంచున బండరాళ్ళు పెడతాడు. ఆ కుప్ప మీదికెక్కి బండ్లు బోల్తాపడిన వార్తలు ఉత్తర తెలంగాణ వాళ్ళం ఏటా చదువుతూనే వున్నాం.

సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లో చెప్పిన కుర్రవాళ్ళను, వంద నుంచి సున్నాకు ఎంత దూరమని అడిగాను. ఎవరూ చెప్పలేదు. లెక్క కష్టమేమీ కాదు. వంద వేగంలో బండి సెకనుకు 28 మీటర్లు పోతుంది. కన్ను చూసి, కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఆ సెకను గడిచిపోతుంది. పొడి రోడ్డు మీద మంచి కారు ఆగడానికి ఇంకో 40 మీటర్లు కావాలి. మొత్తం దాదాపు 70 మీటర్లు. వడ్ల గింజల మీద టైరు జారితే ఎంతో ఏ కంపెనీ వారూ అచ్చువేయరు. వేగం సగమైతే బ్రేకు వేశాక పట్టే దూరం నాలుగో వంతుకు తగ్గుతుంది. 50 వేగంలో మొత్తం పాతిక మీటర్లలో ఆగిపోవచ్చు.

సైబర్‌స్టర్ మా వూరికి రాకపోవచ్చు. కాని దాని మాటలు విని వేడెక్కిన పిల్లవాడు ఇంటికి వెళ్ళేది తన మోటారు సైకిలు మీదే. ఆ 3.2 సెకన్ల ముచ్చట తీర్చుకునేదీ దాని మీదే, ఆ చీకటి రోడ్డు మీదే.

కారు పన్ను మాఫీ చేసిన ప్రభుత్వం వూరూరా చాలినన్ని కల్లాలు కట్టిస్తే రోడ్డు మీది కుప్ప తొలగిపోతుంది. అంతవరకూ ఇంటి పెద్దలు చేయగలిగినది ఒకటుంది. అబ్బాయి కొత్త కారు వేగం గురించి చెబుతుంటే విసుక్కోకండి, పూర్తిగా వినండి. విన్నాక, "ఆగడానికి ఎంత దూరం కావాలి నాయనా?" అని ఒక్క మాట అడగండి. లెక్క వాడి చేతనే వేయించండి.